వానలేని వానగొట్టం

గురుగ్రామ్ చరిత్ర రాసేవాళ్లు మెట్రో ఎప్పుడొచ్చింది, మొదటి మాల్ ఎవరు కట్టారు లాంటి చిల్లర సంగతులతో పేజీలు నింపేసి, అసలు సంగతి వదిలేస్తారేమోనని భయంగా ఉంది. అసలు సంగతి ఏమిటంటే, రివర్ పెరల్ రెసిడెన్సీ అనే సొసైటీలో, సి టవర్ తొమ్మిదో అంతస్తులో, భానుమతి గారు రోజూ తెల్లవారేసరికి బాల్కనీ కడుగుతారు.

కడగడమంటే తడిగుడ్డతో తుడవడం కాదు. ఈ ఆచారానికి వంశవృక్షం ఉంది. భానుమతి గారి అమ్మమ్మ మండపేటలో వాకిట్లో పేడనీళ్లు కళ్లాపి చల్లేది. అమ్మ కాకినాడ క్వార్టర్స్‌లో సిమెంటు గచ్చు మీద ఉత్త నీళ్లు చల్లేది. భానుమతి గారి హయాం వచ్చేసరికి వాకిలి పోయింది, మట్టి పోయింది. ఆవులకి గురుగ్రామ్‌లో లోటు లేదు గానీ వాటిని లిఫ్టు ఎక్కనివ్వరు. చివరికి మిగిలింది చల్లి తీరాలన్న పట్టుదల ఒక్కటే. దానికి ఆవిడ ఒక బకెట్టు నీళ్లూ, చెంచాడు సబ్బుపొడీ, ఒక మూత ఫినాయిలూ మంజూరు చేశారు. చీపురుపెట్టి రుద్ది, మిగిలిన నీళ్లు కుమ్మరిస్తే అవి గిర్రున తిరిగి బాల్కనీ మూలనున్న కంతలోకి జారిపోయేవి. ఆ పైన కూరగాయల బుట్టంత ముగ్గు.

మధ్యలో ఒక యుద్ధం కూడా జరిగింది. ఎనిమిదో అంతస్తు వాళ్లు ఆరేసుకున్న చొక్కాల మీద ఫినాయిల్ చుక్కలు పడ్డాయి. రాయబారాలు నడిచాయి. బట్టలు ఆరేసేలోపే కడగడం ముగించాలని సంధి కుదిరింది. సంధి ఇప్పటికీ అమల్లోనే ఉంది. ఇన్ని జరిగినా, కంతలోకి పోయిన నీళ్లు అటు తర్వాత ఎక్కడికి పోతాయన్న ప్రశ్న మాత్రం ఎవరికీ రాలేదు. గొప్ప గొప్ప సామ్రాజ్యాలకే రాని ప్రశ్న, ఒక బ్యాంకు ఉద్యోగికి రాలేదంటే తప్పుపట్టలేం.

భానుమతి గారు సాకేత్‌లో ఒక బ్యాంకు శాఖలో ఇళ్ల రుణాలు చూస్తారు. రోజూ మెట్రోలో వెళ్లి, ఇతరుల ఇళ్ల పత్రాలు తిరగేసి, మెట్రోలోనే తిరిగొస్తారు. భర్త శ్రీరాములు గారిది ఒక బీమా కంపెనీలో ఆడిట్ పని. ఏ వాక్యమైనా ఆయన నిట్టూర్పుతో మొదలుపెడతారు. నిట్టూర్పుతోనే ఆగిపోయిన వాక్యాలూ ఉన్నాయి.

ఈ ఫ్లాటు కొన్నప్పుడు బ్రోకరు దీన్ని రివర్ ఫేసింగ్ అన్నాడు. బ్రోచర్‌లో నీలంరంగు గీత కూడా ఉంది. తీరా వచ్చి చూస్తే సొసైటీ వెనక గోడ అవతల నాలుగు గజాల వెడల్పున ఒక నాలా.

"నదేదయ్యా?" అన్నారు శ్రీరాములు గారు.

"సర్ జీ, బర్సాత్ మే దేఖియేగా," అన్నాడు బ్రోకరు, వానాకాలంలో నదిని డెలివరీ ఇస్తానన్నట్టు.

శ్రీరాములు గారు నిట్టూర్చి లిఫ్టు వైపు తిరిగారు. భానుమతి గారు మాత్రం బాల్కనీలోంచి కదల్లేదు. ఆవిడ చిన్నతనమంతా ఇంటి ముందు కాలవతో గడిచింది. ఢిల్లీకి బదిలీ అయ్యాక అద్దెకున్న ఇళ్లన్నిటికీ ఎదురిళ్ల ఏసీ డబ్బాలే దృశ్యం.

"నీళ్లు కదులుతున్నాయండీ," అన్నారు.

అలా ఆ ఫ్లాటు కొన్నారు. ఆ నాలా ఆరావళి గుట్టల్లో పుట్టి, రెండు మూడు సెక్టార్లు దాటి, ఇంకో పెద్ద నాలాలో కలుస్తుంది. పాత ఊరివాళ్లను అడిగితే దానికో పేరుండేదని చెబుతారు. పేరేమిటో మాత్రం చెప్పలేరు. రోజూ బాల్కనీ కడిగాక, కాఫీ గ్లాసుతో అక్కడే నిలబడి ఆ పేరులేని నీళ్లు పోవడం చూస్తేనే ఆవిడకి రోజు మొదలైనట్టు. ఒక్కోసారి గట్టు మీది తుమ్మకొమ్మన లకుముకిపిట్ట కూడా వాలుతుంది. దానికి అక్కడ తినడానికేం దొరుకుతుందో దానికే తెలియాలి.

ఈ ప్రశాంత రాజ్యానికి వచ్చిన ముప్పు పేరు నురగ.

పొద్దున ఎనిమిదయ్యేసరికి సొసైటీ వెనక నాలాలో దూదికొండల్లా నురగ లేచేది. గాలి వీస్తే ముద్దలు ముద్దలుగా ఎగిరి పార్కింగులో కార్ల మీద వాలేది. ఒకరోజు అది సొసైటీ అధ్యక్షుడు తనేజా గారి కొత్త కారు మీద వాలింది. తనేజా గారు టైల్స్ టోకు వ్యాపారి. ఏ సమస్యకైనా పైన ఏదో ఒకటి పరిస్తే సరిపోతుందని ఆయన నమ్మకం.

"నాలాని స్లాబు వేసి కప్పేద్దాం. పైన పార్కింగ్. వాసన ఖతమ్, నురగ ఖతమ్," అని మీటింగులో ప్రకటించారు. చప్పట్లు బాగానే పడ్డాయి. గురుగ్రామ్‌లో పార్కింగ్ అన్న మాటకి పడినన్ని చప్పట్లు జాతీయగీతానికి కూడా పడవు.

భానుమతి గారు లేచారు. "కప్పేస్తే నురగ పోదు కదా తనేజా జీ, కింద ఉంటుంది. మూత పెట్టాక లోపల ఎవరేం వదులుతున్నారో ఎవరు చూస్తారు?"

"భానుమతీ జీ, చూడకుండా ఉండటానికే కదా కప్పేది!" అన్నారాయన, చాలా మర్యాదగా.

కార్పొరేషన్ నుంచి జే.ఈ. గారు వచ్చి నాలా చూశారు. జే.ఈ. అంటే జూనియర్ ఇంజనీరు. ఆయన తల పూర్తిగా నెరిసింది గానీ హోదా ఇంకా నెరవలేదు. నురగ చూసి, ముక్కుకి రుమాలు అడ్డంపెట్టుకుని, కప్పడమే మేలని సిఫార్సు రాయబోయారు.

"నురగ ఆగిపోతే?" అని అడిగారు భానుమతి గారు.

"మేడం, అందరూ ఇలాగే అంటారు. ఎక్కణ్ణించి వస్తోందో చూపించండి, ఆపి చూపించండి. వచ్చే నెల మొదటి శనివారం మళ్లీ వస్తా. ఆ రోజు నురగ లేకపోతే కప్పక్కర్లేదని రాస్తా. ఉంటే స్లాబే."

"ఠీక్ హై," అన్నారు భానుమతి గారు. తనేజా గారు కూడా ఠీక్ హై అన్నారు, పార్కింగులో తన కారు స్థలం అప్పుడే కళ్లముందు కనిపిస్తున్నట్టు.

ఇక నేరస్థుణ్ణి పట్టుకోవాలి. భానుమతి గారి అనుమానం ఎగువనున్న బల్బీర్ కార్ వాష్ మీద. ఆదివారం భర్తని వెంటబెట్టుకుని దండయాత్రకి బయల్దేరారు. అదే సొసైటీ బి టవర్‌లో ఉండే ఛాయాదేవి గారు కూడా చేరారు. ఆవిడది వరంగల్. స్కూల్లో లెక్కలు చెబుతారు, గొడవంటే ఎంత దూరమైనా నడుస్తారు.

"మీ సబ్బంతా మా నాలాలోకి వస్తోంది," అన్నారు భానుమతి గారు.

బల్బీర్ గొట్టం పక్కన పడేసి వచ్చాడు. "దీదీ, మీ సొసైటీ వాళ్లు పోలీసుల్ని తెచ్చారు, టీవీవాళ్లని తెచ్చారు. మీరొక్కరే మాట్లాడటానికొచ్చారు. రండి, చూడండి." తన నీళ్లు మురుగు పైపులో పడే గుంత మూత ఎత్తి చూపించాడు. నాలా గట్టుకీ తీసుకెళ్లాడు. అక్కడ నీటి మీద ఒక ప్లాస్టిక్ చెప్పు తేలుతోంది గానీ నురగ లేదు.

ముగ్గురూ గట్టు వెంబడి వెనక్కి నడుచుకుంటూ వచ్చారు. వంతెన కింద నురగ లేదు. గుడి వెనక లేదు. సొసైటీ గోడ దగ్గరికొచ్చేసరికి ఉంది. గోడలోంచి నాలాలోకి ఒక లావుపాటి గొట్టం బయటికి వచ్చి ఉంది. దానిమీద తెల్లరంగుతో 'వర్షపు నీరు' అని హిందీలో రాసి ఉంది. వానపడి నెలన్నర అయింది. గొట్టంలోంచి మాత్రం తెల్లగా, ధారగా పడుతోంది.

"ఏందక్కా ఇది? ఆసుమాన్లకెల్లి సబ్బు పడ్తున్నదా?" అన్నారు ఛాయాదేవి గారు.

శ్రీరాములు గారు నిట్టూర్చారు. ఈసారి దాని వెనక వాక్యం లేదు.

వంటింటి నీళ్లూ స్నానాల నీళ్లూ మురుగు లైనులోకి పోతాయని సొసైటీ ప్లాన్‌లో ఉంది. మరి వానగొట్టంలోకి సబ్బు ఎక్కణ్ణించి వస్తోంది? ఎవడో దొంగ కనెక్షన్ పెట్టుకున్నాడని భానుమతి గారు తేల్చారు. ఏ టవరో కనిపెట్టాలి. ముందుగా తన టవర్ నిర్దోషి అని నిరూపించుకోవాలి, తర్వాత మిగతావాళ్ల మీదికి వెళ్లొచ్చు. బ్యాంకులోనూ ఆవిడ పద్ధతి ఇదే.

పరీక్షకి రంగు కావాలి. ఆవిడ కిరాణా షాపుకెళ్లి అర కిలో పసుపు తెచ్చారు. ఆ పై ఆదివారం పొద్దున్నే శ్రీరాములు గారిని ఫోనుతో సహా గొట్టం దగ్గర కాపలా పెట్టారు.

"వంటింట్లో పోశాను. వచ్చిందా?"

"రాలేదు."

"సరిగ్గా చూడండి."

"భానూ, పసుపూ నేనూ ఒకరికొకరం కొత్తవాళ్లం కాదు. రాలేదు."

బాత్రూమ్‌లో పోశారు. అదీ రాలేదు. భానుమతి గారి మనసు తేలికపడింది. ఇక మిగిలింది బాల్కనీ. ప్లాన్ ప్రకారం వాననీళ్లు తప్ప వేరే నీళ్లు పోని చోటు కాబట్టి అది లెక్కకోసం చేసే పరీక్ష. బకెట్టు నింపి, మిగిలిన పసుపంతా పోశారు. చెయ్యి అలవాటుకొద్దీ డబ్బాలోంచి చెంచాడు సబ్బుపొడి కూడా తీసి బకెట్లో వేసింది. చెయ్యి వేసిన సంగతి ఆవిడ గమనించలేదు. చీపురుతో కలిపి కుమ్మరించారు.

కాసేపటికి ఫోనులోంచి ముందు గార్డు ఈల వినిపించింది, తర్వాత కుక్క మొరిగింది, ఆ తర్వాత "ఖూన్! ఖూన్!" అన్న తనేజా గారి గొంతు. ఆయన కుక్కని తిప్పడానికి గట్టు మీదికొచ్చారు.

"భానూ, ఏం పోశావే తల్లీ? గొట్టంలోంచి రక్తం కారుతోంది. గార్డు పోలీసులకి ఫోను చేస్తానంటున్నాడు!"

"రక్తమేంటండీ? పసుపు."

"పసుపు కాదు, ఎరుపు. ఎర్రగా, నురగతో."

భానుమతి గారు బకెట్టు వైపు చూశారు. అడుగున ఎర్రటి నీళ్లు మిగిలున్నాయి. పసుపులో సున్నం కలిపితే పారాణి అవుతుందనీ, పసుపు మరక మీద సబ్బు రుద్దితే ఎర్రబడుతుందనీ తెలియని తెలుగు ఇల్లు లేదు. అంటే గొట్టంలోంచి పడుతున్నది పసుపూ సబ్బూ. ఆ రెండూ తనవే.

ఆవిడ రెయిలింగు పట్టుకుని కిందికి చూశారు. బాల్కనీ కింద బాల్కనీ, దాని కింద బాల్కనీ. బాత్రూమ్‌లో చోటు లేక ప్రతి ఇంటివాళ్లూ వాషింగ్ మెషీన్ బాల్కనీలోనే పెట్టుకున్నారు. ప్రతి మెషీన్ నుంచీ ఒక బూడిదరంగు గొట్టం మూలనున్న కంత వైపు పాకి ఉంది. దొంగ కనెక్షన్ ఒక్కటీ లేదు. అందరూ పట్టపగలు, ఎవరి హద్దులో వాళ్లు, ఏ నిబంధనా మీరకుండా నాలాలో బట్టలు ఉతుకుతున్నారు. ఆవిడైతే అందరికంటే ముందు లేచి ఆ కార్యక్రమానికి ప్రారంభోత్సవం చేస్తున్నారు.

కింద ఛాయాదేవి గారు ఎర్రనీళ్లు చూసి పైకి కేకేశారు. "నాలాకు దిష్టి తీసినవా ఏంది అక్కా? మంచిగ తీసినవ్, ఊరంత జమైంది!"

తర్వాతి మీటింగులో చెప్పాలా వద్దా అని భానుమతి గారు మూడు రోజులు ఆలోచించారు. చెబితే, కప్పేద్దామనేవాళ్లకి ఇంకా బలం. చెప్పకపోతే ఆపమని ఎవర్ని అడగాలి? శ్రీరాములు గారు సలహా ఇచ్చారు. "నేనూ అందులో ఒకదాన్ని అని కాకుండా, మనలో కొందరు అను. ఆడిట్లో మేమలాగే రాస్తాం."

మీటింగులో ఆవిడ లేచి నిలబడి, "నురగ నాది," అన్నారు. "మీది కూడా."

నవ్వులు, కేకలు. బాల్కనీ గొట్టాలు మురుగు లైనుకి కలపొచ్చని ప్లంబరు చెప్పాడు. కాకపోతే నాలుగు టవర్లకీ ఆ పని చెయ్యాలంటే నెలలు పడుతుందన్నాడు. జే.ఈ. గారు వచ్చేది వచ్చే శనివారం.

"ఒక్క శనివారం పొద్దున ఎవరూ మెషీన్ వెయ్యకండి. నేనూ బాల్కనీ కడగను. నురగ మనదేనని, ఆపితే ఆగుతుందని ఆయన కళ్లతో చూస్తారు. తర్వాత గొట్టాలు కలుపుకుందాం," అన్నారు భానుమతి గారు.

తనేజా గారు చేతులు జోడించారు. "భానుమతీ జీ, శనివారం పొద్దున ఈ ఢిల్లీ చుట్టుపక్కల బట్టలు ఉతక్కుండా ఆపగలిగితే, నేను పార్కింగ్ మాట ఎత్తను. దేవుడి మీద ఒట్టు."

శుక్రవారం సాయంత్రం భానుమతి గారూ ఛాయాదేవి గారూ తలుపులు తట్టడం మొదలుపెట్టారు. చరిత్రలో పాదయాత్రలు చాలా జరిగాయి గానీ, లిఫ్టులో జరిగింది ఇదొక్కటే కావచ్చు.

"ఆంటీ, వారానికి నాకు దొరికేది శనివారమే."

"మా పనమ్మాయి పొద్దున మాత్రమే వస్తుంది."

"ముందు డి టవర్ వాళ్లకి చెప్పండి, వాళ్లవి పెద్ద మెషీన్లు."

"ఒక్క మా ఇంటి నురగతో ఏమైపోతుంది దీదీ?" ఈ మాట ఎక్కువ తలుపుల్లోంచి వచ్చింది. ఎనిమిదో అంతస్తావిడ మాత్రం చాలాసేపు చూసి, "అంటే రేపు మీరు కడగరా? నిజంగా?" అని అడిగి, ఆ ఒక్క కారణానికే ఒప్పుకుంది.

ఏడో అంతస్తులో నలుగురు సాఫ్ట్‌వేర్ కుర్రాళ్లు కలిసి ఉంటారు. వాళ్లలో క్రాంతి అనే గుంటూరు అబ్బాయి తలుపు తీశాడు. విషయమంతా విని గుండె మీద చెయ్యేసుకున్నాడు. "మా మీద మీకు అనుమానమే వద్దు ఆంటీ. మేం బట్టలు ఉతికి చాలా రోజులైంది."

"వాసన చూస్తే తెలుస్తున్నది బిడ్డా," అన్నారు ఛాయాదేవి గారు. "గొప్ప సేవ జేస్తున్నరు."

కొందరు సరేనన్నారు, కొందరు చూద్దామన్నారు. చూద్దాం అన్న మాటకి ఢిల్లీలో అర్థం ఏమిటో భానుమతి గారికి ఇరవై ఏళ్లుగా తెలుసు. ఇంటికొచ్చి చెప్పులు విప్పుతూ, "సగం మంది వింటే గొప్ప," అన్నారు.

"సగం నురగొస్తే సగం స్లాబు వేస్తాడా జే.ఈ.?" అన్నారు శ్రీరాములు గారు.

శనివారం ఆవిడ లేచి, మొహం కడుక్కుని, బాల్కనీలో చీపురు వైపు చూడకుండా, కాఫీ కూడా తాగకుండా కిందికి దిగిపోయారు. గొట్టానికి ఎదురుగా గట్టు మీద ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని కూర్చున్నారు. ఛాయాదేవి గారు వచ్చి పక్కన కూర్చున్నారు. రోజూ ఆరున్నరకే మొదలయ్యే ధార ఏడైనా రాలేదు. ఏడున్నరకి గొట్టం అంచున ఒక చుక్క వేలాడి పడిపోయింది. దాని వెనక ఇంకోటి రాలేదు. ఎనిమిదయ్యేసరికి గొట్టం లోపల పొడిబారి, ఒక కాకి వచ్చి దాని మీద వాలింది.

తనేజా గారు కుక్కతో వచ్చి, వంగి గొట్టంలోకి చూశారు. కుక్క కూడా చూసింది.

తొమ్మిదింటికి జే.ఈ. గారొచ్చారు. నాలా చూశారు. నురగ లేదు. గొట్టాన్ని పెన్నుతో తట్టి చూశారు. కళ్లజోడు తీసి, తుడుచుకుని, మళ్లీ పెట్టుకున్నారు.

"మేడం, నా సర్వీసులో చాలా సొసైటీలు చూశాను. ఇచ్చిన మాట మీద నిలబడిన సొసైటీ చూడటం ఇదే మొదటిసారి," అన్నారు. అక్కడే నిలబడి రాశారు. నురగకి కారణం బాల్కనీ గొట్టాలనీ, వాటిని మురుగు లైనుకి కలపాలనీ, నాలా కప్పనవసరం లేదనీ రాసి సంతకం పెట్టారు.

తనేజా గారు ఒట్టు వేసిన మనిషి. "మాన్ గయే భానుమతీ జీ," అని ఓటమి ఒప్పుకుని, రేపే ప్లంబరుని పిలిపిస్తానన్నారు. మర్నాడు కాకపోయినా ఆ వారంలోనే పిలిపించారు కూడా.

"గెల్చినం అక్కా," అన్నారు ఛాయాదేవి గారు.

భానుమతి గారు కుర్చీ గార్డుకి అప్పగించి లోపలికి నడిచారు. లిఫ్టులో పైకి వెళ్తుంటే ప్రతి అంతస్తులోనూ ముందురోజు తట్టిన తలుపులు గుర్తొచ్చాయి. కసురుకున్న వాళ్లు, డి టవర్ మీదికి నెట్టేసిన వాళ్లు, చూద్దామన్న వాళ్లు. వీళ్లందరూ, ఒక్కరు మిగలకుండా, పేరైనా లేని ఒక నాలా కోసం మెషీన్ బటన్ మీదినుంచి వేలు తీసేశారు. మనుషుల గురించి తను ఇన్నాళ్లూ తక్కువగా అనుకున్నానేమో అనిపించింది. ఎనిమిదో అంతస్తులో లిఫ్టు ఆగితే, ఎక్కబోతున్న ఆవిడకి చేతులెత్తి నమస్కారం పెట్టారు. ఆవిడ చేతిలో ఖాళీ బిందె ఉంది.

ఇంట్లో శ్రీరాములు గారు లుంగీ మీద, పళ్లు తోముకోకుండా సోఫాలో కూర్చుని ఉన్నారు.

"ఏవండీ, ఒక్క చుక్క రాలేదండీ! ఒక్క ఇంటి నుంచి కూడా!"

శ్రీరాములు గారు నిట్టూర్చారు.

"రాత్రి పంపు మోటారు కాలిపోయిందట. నువ్వు దిగిన కాసేపటికే ట్యాంకు ఖాళీ అయింది. నాలుగు టవర్లలోనూ నీళ్లు లేవు."